అఫ్రోజాబాదు నుంచి అయోధ్య దాకా

పి.వి. నరసింహారావు 1998లో 'ఇన్‌సైడర్' అని ఇంగ్లీషులో ఒక నవల అచ్చు వేయించారు. కథానాయకుడి పేరు ఆనంద్. ఆ ఆనంద్ ఎవరో చదివినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆయన పుట్టి పెరిగిన సంస్థానానికి నవలలో పెట్టిన పేరు అఫ్రోజాబాదు. ఏ రామపురమో కృష్ణగిరో పెట్టుకోవచ్చు, అడ్డేవారు లేరు. కానీ తన జీవితకథను దాచుకోడానికి ఆయనకు పార్సీ పేరే తోచింది. మా ఇళ్లలో ఆడపిల్లలకు పెట్టుకునే పేరు అఫ్రోజ్. ఆ పేజీ దగ్గర మేం ఆగిపోయాం. ఈ మనిషికి మేం పరాయివాళ్లం కాదు. మా భాష తెలుసు, మా పలకరింపులు తెలుసు, మా ఇళ్ల వాసన తెలుసు. తెలిసీ 1992 డిసెంబరు 6న అలా ఎలా ఉండగలిగారు? ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటినా మమ్మల్ని వదలని ప్రశ్న ఇది.

తెలుగు పత్రికల్లో ఆయన తెలుగు తేజం, అపర చాణక్యుడు, ఆర్థిక సంస్కరణల పితామహుడు. ఉర్దూ పత్రికల్లో ఆయన ఒక్క తేదీ. అటు పేజీ, ఇటు పేజీ రెండూ దిద్ది పొట్టపోసుకునేవాళ్లం మేం. ఏభై ఏళ్ల ప్రజాజీవితం ఈ రెండింటి మధ్య ఎక్కడో నలిగిపోయిందనిపిస్తుంది. పొగడ్తలు రాయడానికి చాలామంది ఉన్నారు. శాపనార్థాలతో మాకూ పని లేదు. లెక్క చూసుకోవాలి, అంతే.

ఆయన 1921 జూన్ 28న వరంగల్లు జిల్లా నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టారు. కరీంనగర్ జిల్లా వంగరకు దత్తు వెళ్లారు. నిజాం రాజ్యంలో బడి చదువంటే ఉర్దూ చదువే. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. దేశభాషలో విజ్ఞానశాస్త్రాలు చెప్పిన విశ్వవిద్యాలయమని మా పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. ఆ గర్వంలో నిజముంది. కానీ రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. ఆ తెలుగుకు కచేరీలోనూ చోటు లేదు, కాలేజీలోనూ లేదు. 1901లో హైదరాబాదులో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వంటివి ఎందుకు పుట్టుకొచ్చాయో మేం ఒప్పుకుని తీరాలి. ఇంకో మాట కూడా. పల్లెల్లో దూది ఏకే దూదేకులవాళ్లకు, మెహతర్లకు, కసాబులకు ఆ ఉర్దూ రాజ్యంలో దక్కిందేముంది? రాజు మావాడని చెప్పుకోవడం తప్ప. ఆ చెప్పుకోవడానికి తర్వాత కట్టిన మూల్యం మాత్రం మా అందరి ఖాతాలోనూ పడింది.

1938లో ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడితే నిషేధించారు. పాడినవాళ్లను వెళ్లగొట్టారు. హనుమకొండలో చదువుతున్న పి.వి. కూడా అలా బయటపడ్డ కుర్రాళ్లలో ఒకరు. నాగపూరు విశ్వవిద్యాలయం ఆ కుర్రాళ్లను చేర్చుకుంది. పూణే ఫెర్గుసన్ కాలేజీలో సైన్సు, నాగపూరులో లా చదివి ఆయన హైదరాబాదు తిరిగొచ్చారు. మరాఠీ అలా వచ్చింది. తర్వాత బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియరుగా చేరారు. బూర్గుల పార్సీలో పండితుడు. గురువుది పార్సీ, శిష్యుడిది ఉర్దూ. ఇద్దరూ నిజాం మీద పోరాడినవాళ్లే. రాజ్యాన్ని ద్వేషించి దాని భాషను ప్రేమించిన తరం అది. ఇప్పటివాళ్లకు రాజ్యం పోయినా భాష మీద కసి పోలేదు.

1947, 48లలో స్టేట్ కాంగ్రెసువాళ్లు సరిహద్దు అవతల క్యాంపులు పెట్టి నిజాం మీద పోరు నడిపారు. చాందా క్యాంపులో పి.వి. పనిచేశారు. అవతలి వైపు రజాకార్లు ఏం చేశారో మేం దాచం. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉర్దూలోనే రజాకార్లను ఎదిరించి రాశాడు. 1948 ఆగస్టులో అతన్ని చంపింది రజాకార్లే. మాలాంటి ఉర్దూ విలేకరులకు అతనే మొదటి పెద్దదిక్కు. కానీ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక మరాఠ్వాడాలో, బీదరు గుల్బర్గా వైపు మా ఊళ్లకు ఏమైందో మొన్నటిదాకా పాఠ్యపుస్తకాల్లో లేదు. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తిరిగి చూసి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది పోయారని అందులో రాశారు. అది 2013 దాకా రహస్యమే. 1984లో దేశ హోంమంత్రి, 1991 నుంచి ప్రధానమంత్రి అయిన మనిషి ఆ హైదరాబాదు సంస్థానం వాడే. ఆయన కాలంలోనూ ఆ కాగితం అరలోంచి బయటికి రాలేదు. అందరు ప్రధానుల్లా ఆయనా ఊరుకున్నారు. ఒక్క ఆయన్నే అనడం న్యాయం కాదు. అయినా ఆయనకు తెలిసినంత మిగతావాళ్లకు తెలిసే వీలు లేదు కదా.

వరంగల్లులో పాములపర్తి సదాశివరావుతో కలిసి 'కాకతీయ పత్రిక' నడిపారు. అంటే ఆయన మా వృత్తివాడే. 1952లో కరీంనగర్ నుంచి లోక్‌సభకు నిలబడి కమ్యూనిస్టు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడారు. 1957లో మంథని నుంచి శాసనసభకు గెలిచారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు మంథని ఆయన్ను వదల్లేదు. 1962 నుంచి వరసగా న్యాయశాఖ, సమాచారశాఖ, దేవాదాయశాఖ, ఆరోగ్యశాఖ చూశారు. 1968 నుంచి విద్యాశాఖ. ఆ విద్యాశాఖ దగ్గర కొంచెం ఆగాలి.

1968లో తెలుగు అకాడమీ పుట్టింది. కాలేజీ చదువు తెలుగులో చెప్పాలంటే తెలుగులో పుస్తకాలుండాలని ఆయన పట్టుబట్టి పెట్టించారు. ఇంటర్మీడియెట్టు, డిగ్రీ తెలుగులో చదివి ఉద్యోగాల్లో చేరిన పేదపిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లలో మావాళ్లూ ఉన్నారు. తెలుగులో రాసే ముస్లిం రచయితల తరం ఒకటి తయారైందంటే ఆ పుస్తకాల పుణ్యం కొంత ఉంది. ఈ వ్యాసం రాస్తున్న తెలుగూ అక్కడిదే. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల తెరిచారు. పల్లె పిల్లలకు తిండి పెట్టి, గది ఇచ్చి చదువు చెప్పే బడి. దాని తర్వాతే రాష్ట్రమంతా గురుకులాలు వచ్చాయి. ఉస్మానియాలో శాస్త్రాలు చెప్పిన ఉర్దూ మాత్రం 1948 తర్వాత కాలేజీ గది వదిలి మదరసాకూ ముషాయిరాకూ పోయింది. తెలుగుకు జరిగిన అన్యాయం తెలిసిన మంత్రి, ఉర్దూకు అదే అన్యాయం తన కళ్లముందు జరుగుతున్నప్పుడు చూసే ఉంటారు. ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదుకు 1998లో వచ్చింది. రాష్ట్రంలో విద్యామంత్రిగా, ఢిల్లీలో మానవవనరుల మంత్రిగా, చివరికి ప్రధానిగా ఆయన దిగిపోయిన తర్వాత.

ఇంకో సంగతి. ఆయన 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను 'అబలా జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు. భాషల మధ్య రాకపోకలు అంతగా తెలిసిన రాజకీయ నాయకుడు దేశంలో ఇంకొకరు లేరు. ఉర్దూ నుంచి కూడా ఏదైనా ఒకటి తెచ్చి ఉంటే బాగుండేదని మాకు ఆశ. ఇది ఫిర్యాదు కాదు. ఇంటి మనిషి దగ్గర ఉండే చిన్న అలక.

1969లో తెలంగాణ ఉద్యమం, 1971లో బ్రహ్మానందరెడ్డి రాజీనామా. 1971 సెప్టెంబరు 30న పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన మొదటి మనిషి ఆయనే. పట్టుమని పదహారు నెలలు లేరు. ఆయన మొత్తం జీవితంలో మాకు నచ్చిన భాగం ఆ పదహారు నెలలే. భూపరిమితి చట్టం తెచ్చారు. మాగాణి అయితే నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించితే వదలాలి. తానూ వంగర దేశ్‌ముఖు. తన భూములూ వదులుకున్నారు. 1972 ఎన్నికల్లో పాత భూస్వాముల్ని పక్కనపెట్టి వెనకబడిన కులాలవాళ్లకు టికెట్లిచ్చారు. కోస్తాలో, తెలంగాణలో, సీమలో ఎకరాలున్న ప్రతివాడికీ ఆయన శత్రువయ్యారు. అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. పి.వి. ఆ తీర్పును మెచ్చుకున్నారు. దాంతో జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. ముల్కీ సాకు వెనక భూమి భయం ఎంత ఉందో ఆ రోజుల్ని చూసినవాళ్లకు తెలుసు. 1973 జనవరిలో ఆయన దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

భూమిని ముట్టుకున్న మనిషిని ఎలా కిందపడేస్తారో ఆ జనవరిలో ఆయన చూశారు. ఆ తర్వాత ఆయన దేన్నీ ముట్టుకోలేదంటారు మా పెద్దల్లో ఒకాయన. ఆయన కరీంనగర్ కోర్టులో అర్జీలు రాసి బతికినవాడు, ఉర్దూ కాలం నాటి మనిషి. ఈ మాటను మేం పూర్తిగా ఒప్పుకోం. 1991లో లైసెన్సుల రాజ్యాన్ని ముట్టుకున్నారు కదా అంటాం. 'అది బలవంతుల వైపు ముట్టుకోవడం బేటా' అంటాడాయన.

1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1980లో మళ్లీ అక్కణ్ణించే. ఇందిరాగాంధీ విదేశాంగశాఖ ఇచ్చింది, 1984 జులైలో హోంశాఖకు మార్చింది. అక్టోబరు 31న ఇందిర హత్య. ఢిల్లీ వీధుల్లో మూడు రోజులపాటు సిక్కుల్ని వెతికి వెతికి చంపారు. సర్కారు లెక్కే 2,733 మంది, ఒక్క ఢిల్లీలోనే. ఆ రోజుల్లో దేశ హోంమంత్రి పి.వి. ఆదేశాలన్నీ ప్రధాని కార్యాలయం నుంచే నడిచాయని, ఆయన చేతుల్లో ఏమీ లేకుండా చేశారని ఆయన వైపువాళ్లు చెప్తారు. అలాగే అనుకుందాం. కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఢిల్లీ పోలీసు ఏ రాష్ట్ర ప్రభుత్వం కిందా లేదు, నేరుగా కేంద్ర హోంశాఖ కింద ఉంది. శాంతిభద్రతలు రాష్ట్రం పని, కేంద్రం ఏం చేస్తుంది అన్న మాట 1992లో వినబడింది. 1984లో ఆ మాటకు చోటే లేదు. అప్పుడూ జరిగింది అదే. మేం 1992 గురించి అడిగేటప్పుడు సిక్కుల్ని మరిచిపోతే మా ప్రశ్నకు విలువ ఉండదు.

ఆ ఏడాది డిసెంబరు ఎన్నికల్లో రాజీవ్ గాలి దేశమంతా వీచింది. కాంగ్రెసు నాలుగు వందలు దాటింది. బి.జె.పి.కి దేశం మొత్తమ్మీద వచ్చినవి రెండే సీట్లు. అందులో ఒకటి హనుమకొండ. ఓడింది పి.వి. నరసింహారావు, గెలిచింది చందుపట్ల జంగారెడ్డి. పి.వి. మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడ్డారు కాబట్టి పార్లమెంటుకు వెళ్లగలిగారు.

రాజీవ్ మంత్రివర్గంలో రక్షణ, మానవవనరులు, మళ్లీ విదేశాంగం. 1986 జాతీయ విద్యావిధానం, నవోదయ విద్యాలయాలు ఆయన చేతిమీదుగా వచ్చాయి. సర్వేలు బడి దేశమంతా పెరిగినట్టు. మా వైపు నుంచి చూస్తే ఆ ఏడు వేరే. 1985లో షాబానో తీర్పు. 1986 ఫిబ్రవరి 1న బాబ్రీ మసీదు తాళం తీశారు. మేలో ముస్లిం స్త్రీల మనోవర్తి చట్టం వచ్చింది. ఒక ముసలావిడ భరణాన్ని లాక్కుని మా మౌల్వీలకు ఇచ్చారు, ఒక తాళం తీసి వాళ్ల మహంతులకు ఇచ్చారు. రెండు చోట్లా మోసపోయింది మామూలు మనుషులు. మా పెద్దలు ఆ చట్టాన్ని విజయం అనుకుని వీధుల్లో పండగ చేసుకున్నారు. అందుకు మేం ఈనాటికీ సిగ్గుపడుతున్నాం. ఆ చట్టాన్ని వ్యతిరేకించి రాజీనామా చేసిన ఆరిఫ్ మహమ్మద్ ఖాన్‌కు పి.వి. నచ్చజెప్పబోయారట. ముస్లింలు మురికిగుంటలో ఉంటామంటే ఉండనిమ్మని, సంస్కరించడం పార్టీ పని కాదని ఆయన అన్నట్టు ఆరిఫ్ చాలాసార్లు చెప్పారు. పి.వి. బదులు చెప్పడానికి లేరు. అన్నారో లేదో మేం తేల్చలేం. విన్నప్పుడు మాత్రం మాలో చాలామందికి కోపం రాలేదు. ఇందులో కొత్తేముంది అనుకున్నారు. ఆ అనుకోవడమే ఎక్కువ బాధ.

1991లో ఆయన పోటీ చేయలేదు. ఢిల్లీలో పుస్తకాలు కట్టలు కట్టి హైదరాబాదు వచ్చేయడానికి సిద్ధంగా ఉన్నారు. మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ హత్య. జూన్ 21న పి.వి. ప్రధాని. దక్షిణాది నుంచి మొదటివాడు, తెలుగువాళ్లలో మొదటివాడు. లోక్‌సభ సభ్యుడు కాడు కాబట్టి నవంబరులో నంద్యాల నుంచి ఉప ఎన్నికకు నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి.రామారావు తన పార్టీని పోటీకి దింపలేదు. మాలో కొందరి చుట్టాలది నంద్యాల. ఆ ఎన్నిక గురించి వాళ్లు పెళ్లి గురించి చెప్పినట్టు చెప్పేవాళ్లు. మన జబాన్ తెలిసిన ప్రధాని అని మొహల్లాకు మొహల్లా వెళ్లి గుద్దిందట. ఎదుట నిలబడ్డ బి.జె.పి. అభ్యర్థి బంగారు లక్ష్మణ్. మెజారిటీ 5 లక్షలు దాటింది.

ఆ సెప్టెంబరులోనే ప్రార్థనా స్థలాల చట్టం వచ్చింది. 1947 ఆగస్టు 15న ఏ గుడి గుడిగా, ఏ మసీదు మసీదుగా ఉందో అలాగే ఉండాలి, మార్చకూడదు. కాశీ, మథురల మీద కన్నేసినవాళ్లకు అది అడ్డుకట్ట. ఈ చట్టం తెచ్చినందుకు పి.వి.కి దక్కాల్సిన కృతజ్ఞత మావాళ్లు ఇవ్వలేదు. ఇవాళ జ్ఞానవాపి మీద, షాహీ ఈద్గా మీద కేసులు నడుస్తుంటే మా వకీళ్లు పట్టుకుని నిలబడ్డది ఆ చట్టాన్నే. అందులో ఒక్క చోటుకు మాత్రం మినహాయింపు ఉంది. అయోధ్యకు. కేసు కోర్టులో ఉంది కాబట్టి అన్నారు.

ఇక ఆ డిసెంబరు. మేం అప్పటికి బడిపిల్లలం. మాకు గుర్తున్నది చాలా కొంచెం. ఇంట్లో ట్రాన్సిస్టరు, బి.బి.సి. ఉర్దూ, బయట కర్ఫ్యూ, పాలు దొరక్క చాయ్ లేని పొద్దులు, అబ్బా గొంతు తగ్గించి మాట్లాడ్డం. మిగిలింది తర్వాత చదివి తెలుసుకున్నది.

నవంబరు 23న జాతీయ సమైక్యతా మండలి ఏ చర్య అయినా తీసుకోమని ప్రధానికి అధికారమిచ్చింది. బి.జె.పి. రాలేదు. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ మసీదుకు ఏమీ కాదని సుప్రీంకోర్టుకు రాసిచ్చారు. కోర్టు లాంఛనంగా కరసేవకు ఒప్పుకుంది. కేంద్ర బలగాలు దాదాపు రెండు వందల కంపెనీలు ఫైజాబాదు దగ్గర దిగాయి. రాష్ట్రం పిలవనిదే అవి కదలకూడదు. డిసెంబరు 1న ఉత్తరప్రదేశ్ గవర్నరు కేంద్రానికి ఉత్తరం రాశారు. ప్రభుత్వాన్ని తీసేయడానికి ఇది సమయం కాదని అందులో ఉంది. ఆ గవర్నరు బి.సత్యనారాయణరెడ్డి. ఆయనదీ మన మహబూబ్‌నగర్ జిల్లాయే. అక్కడ గవర్నరు, ఇక్కడ ప్రధాని, ఇద్దరూ ఒకప్పటి అఫ్రోజాబాదు మనుషులే. ఆదివారం మధ్యాహ్నం మొదలై చీకటి పడేలోగా మూడు గుంబజులూ నేలమట్టమయ్యాయి. బలగాలు కదల్లేదు. సాయంత్రం కల్యాణ్ సింగ్ రాజీనామా, రాత్రికి రాష్ట్రపతి పాలన. తాత్కాలిక గుడి కట్టేదాకా కరసేవకుల్ని అక్కడే ఉండనిచ్చారు. డిసెంబరు 8 తెల్లవారుజామున గాని బలగాలు ఆ స్థలంలోకి పోలేదు. రాష్ట్రం కేంద్రం చేతికి వచ్చాక గడిచిన ఈ ముప్ఫై గంటల గురించి ఆయన్ను మెచ్చుకునే పుస్తకాల్లో తక్కువ ఉంటుంది. మాకు మధ్యాహ్నం కంటే ఈ గంటలే పెద్ద ప్రశ్న. మధ్యాహ్నం రాజ్యాంగం అడ్డమొచ్చిందనుకుందాం. రాత్రి ఏమడ్డమొచ్చింది?

ఆయన వాదన ఆయన పోయాక 2006లో వచ్చిన 'అయోధ్య 6 డిసెంబరు 1992' అనే పుస్తకంలో ఉంది. నేరం జరగకముందే ఎన్నికైన ప్రభుత్వాన్ని తీసేయడం కుదరదు, సమాఖ్య వ్యవస్థ ఒప్పుకోదు, గవర్నరు నివేదిక లేదు, కోర్టు నమ్మింది, నేనూ నమ్మాను. లిబర్హాన్ కమిషను పదిహేడేళ్లు కూర్చుని 2009లో ఇచ్చిన నివేదిక కూడా ఇంచుమించు ఇలాగే అంది. ఈ వాదనను మేం తీసిపారేయం. 356ను ఇష్టం వచ్చినట్టు వాడితే ముందు నష్టపోయేది చిన్న పార్టీలు, చిన్న రాష్ట్రాలు. ఎన్.టి.ఆర్.ను 1984లో ఎలా తీసేశారో తెలుగువాళ్లకు చెప్పాలా? కానీ డిసెంబరు 15న మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రభుత్వాల్ని ఒక్క కలంపోటుతో రద్దు చేశారు. 1994 బొమ్మై తీర్పులో సుప్రీంకోర్టు అది సబబే అంది. మసీదు పోయాక దొరికిన తెగువ మసీదు ఉన్నప్పుడు ఎందుకు దొరకలేదు?

కొందరు ఆయన్ను లోపల్లోపల సంఘ్ మనిషి అంటారు. మేం అనం. అలా అనేస్తే లెక్క సులువైపోతుంది. మేం చూసినంతలో ఆయన కాంగ్రెసు మనిషి, నిలువెత్తు కాంగ్రెసు మనిషి. సాధువులతో మాట్లాడితే, వాళ్ల భాషలో, సంస్కృతంలో మాట్లాడితే వాళ్లు వింటారని నమ్మారు. పదిహేడు భాషలు తెలిసినవాడికి మాటల మీద ఉండే నమ్మకం అది. మాతో మాత్రం మాట్లాడలేదు. మా భాషా తెలుసుగా.

కూల్చివేత తర్వాత ఒక్క బొంబాయిలోనే డిసెంబరు, జనవరి నెలల్లో 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషను తేల్చింది. 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు, మిగతావాళ్లు ఎవరో తెలియనివాళ్లు, ఇతరులు. మసీదు మళ్లీ కట్టిస్తామని పి.వి. పార్లమెంటుకు మాట ఇచ్చారు. 1993లో చుట్టూ ఉన్న 67 ఎకరాలు కేంద్రం తీసుకుంది. అక్కడ ముందు గుడి ఉందా లేదా చెప్పమని సుప్రీంకోర్టును అడిగింది. 1994లో కోర్టు ఆ ప్రశ్నకు జవాబివ్వకుండా వెనక్కి పంపింది. కట్టిస్తామన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు, ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

మైనారిటీ కమిషనుకు చట్టబద్ధత 1992లో, మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ 1994లో, వక్ఫు చట్టం 1995లో. ఇవన్నీ ఆయన హయాంలోవే. మండల్ తీర్పు తర్వాత 1993లో కేంద్ర ఉద్యోగాల్లో బి.సి. రిజర్వేషన్లు అమలయ్యాయి. మా దూదేకుల పిల్లలకు ఆ తలుపూ తెరుచుకుంది. టాడా చట్టం కింద జైళ్లలో మగ్గినవాళ్లలో మావాళ్లు ఎంతోమంది. అదే హయాంలో 1995లో అది మురిగిపోయింది. 1994లో జెనీవాలో కాశ్మీరు మీద పాకిస్తాను తీర్మానం పెట్టబోతే వాజ్‌పేయినీ, సల్మాన్ ఖుర్షీద్‌నూ కలిపి పంపి నెగ్గుకొచ్చారు. ఇంత చేసినా మా ముసలమ్మల్లో ఎవరూ ఆయన పేరు దువాలో తలుచుకోలేదు.

ఆ కోపం హైదరాబాదు రాజకీయాన్నే చీల్చింది. బాబ్రీ విషయంలో మజ్లిస్ గట్టిగా నిలబడలేదని అమానుల్లా ఖాన్ బయటికొచ్చి 1993లో మజ్లిస్ బచావో తెహ్రీక్ పెట్టారు. 1994 డిసెంబరు ఎన్నికల్లో ఆ పార్టీకి రెండు సీట్లు, మజ్లిస్‌కు ఒకటి. కాంగ్రెసుకు రాష్ట్రమంతా కలిపి 26. రెండు రూపాయల బియ్యం, సారా ఉద్యమం, ఇంకా చాలా కారణాలున్నాయి. వాటిలో మేమూ ఒకటి. 1996లో పి.వి. నంద్యాలలో మళ్లీ గెలిచారు కానీ 5 లక్షల మెజారిటీ లక్షకు లోపే పడిపోయింది. ఒరిస్సాలోని బరంపురంలో కూడా గెలిచారు. ఒకటే ఉంచుకోవాలి కాబట్టి నంద్యాలను వదిలేశారు.

ఆ తర్వాతది త్వరగా చెప్పేయొచ్చు. కేసులు. 2000లో జార్ఖండ్ ముక్తిమోర్చా ముడుపుల కేసులో శిక్ష, 2002లో హైకోర్టులో కొట్టివేత. 1998లో సొంత పార్టీ టికెట్టు ఇవ్వలేదు. 2004 డిసెంబరు 23న చనిపోతే ఢిల్లీలో పార్టీ ఆఫీసు లోపలికి శవాన్ని రానివ్వలేదు. అది తప్పు. ఎవరి శవానికైనా అలా చేయకూడదు. హుస్సేన్ సాగర్ గట్టున దహనం చేశారు. చెరువు పేరు మాదే.

2019 నవంబరు 9న సుప్రీంకోర్టు స్థలం గుడికిచ్చింది. మసీదు కూల్చడం చట్టవిరుద్ధమని కూడా అదే తీర్పులో రాసింది. 2020 సెప్టెంబరులో రెండు జరిగాయి. 8న పి.వి.కి భారతరత్న ఇవ్వాలని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది, మజ్లిస్ సభ్యులు దానికి దూరంగా ఉండిపోయారు. 30న లక్నో ప్రత్యేక కోర్టు కూల్చివేత కేసులో మిగిలిన 32 మంది నిందితుల్నీ విడుదల చేసింది. 2024 జనవరి 22న గుడిలో ప్రాణప్రతిష్ఠ. ఫిబ్రవరి 3న ఎల్.కె.అద్వానీకి భారతరత్న ప్రకటించారు, 9న పి.వి. నరసింహారావుకు. రథం నడిపినవారికీ, ఆ రోజు ఢిల్లీలో కూర్చున్నవారికీ ఆరు రోజుల తేడా.

ఆ 9వ తేదీ రాత్రి మేం డ్యూటీలో ఉన్నాం. తెలుగు వార్త తయారై వచ్చింది, ఉర్దూలోకి మార్చాలి. మాకు అలవాటైన చిక్కే మళ్లీ ఎదురైంది. తెలుగులో 'వివాదాస్పద కట్టడం కూల్చివేత' అని ఉంటుంది. ఉర్దూలో మేం 'బాబ్రీ మస్జిద్ కీ షహాదత్' అని రాస్తాం. కట్టడం కూలుతుంది, మస్జిద్ షహీదవుతుంది. ఒక మాటను ఇంకో మాటలోకి మార్చడం ముప్ఫై ఏళ్లలో ఎవరికీ కుదరలేదు. ఆ రాత్రి వార్తలో అసలు కూల్చివేత మాటే లేదు. 'తెలంగాణ ముద్దుబిడ్డ' అని ఉంది. ముద్దుబిడ్డకు ఉర్దూలో మంచి మాటలే ఉన్నాయి, లాడ్లా అనొచ్చు, సపూత్ అనొచ్చు. మాలో ఒకడు సపూత్ అని కొట్టి, కాసేపు చూసి, తీసేశాడు. ఎందుకు తీసేశావని ఎవరూ అడగలేదు. రెండు లైన్లు తగ్గాయి. ఆ చోట్లో మర్నాటి నమాజు వేళలు వేసి పేజీ పంపేశాం.